కథలలోని వికలాంగులకు మఱునాడు లేదా?

కథలు చదువు సోదరీమణులు ఒక వింతను గమనించియే యుందురు. కథ మొదటి ప్రకరణములో ఒక కుంటిపిల్లయో, చూపులేని యన్నయో, మాటరాని చెల్లెలో కనబడినచో, తుది ప్రకరణములో వారికేమి కానున్నదో మనకు ముందే తెలిసిపోవును. ఏ సాధువో వచ్చి విభూతి యిచ్చును, లోపము మాయమగును. లేనిచో ఇతరుల సుఖము కొఱకు ఆ ప్రాణి యే యేటిలోనో, ఏ మంటలోనో, ఏ దుష్టుని కత్తికో బలియగును. బాగుపడియో, చచ్చియో, ఏదో యొక విధముగ కథనుండి తొలగవలసినదే. కుంటుచునే, తడుముకొనుచునే, మఱునాటి యుదయమున లేచి, పొయ్యి వెలిగించి, కాఫీ కాచుకొని, తన పని తాను చేసికొను వికలాంగుని కథలలో చూచుట బహు అరుదు. ఈ లోటును గూర్చియు, దానివలన మన యిండ్లలో కలుగు కీడును గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మేము నివసించునది హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పలునకు చేరువనున్న నాచారము. ఇచ్చటనే 1976లో శ్రీ నందమూరి తారక రామారావుగారు రామకృష్ణా స్టూడియోను నెలకొల్పిరి. 1977 సంక్రాంతికి వెలువడిన 'దానవీరశూరకర్ణ' ఆ సంస్థ పేరనే వచ్చినది. అందుచేత మా ప్రాంతపు పెద్దలకు మహాభారత మనగానే తెఱమీది భారతమే ముందుగ జ్ఞప్తికి వచ్చును. తిక్కనగారి పద్యము రాకున్నను సినిమాలోని సంభాషణ గడగడ నప్పగించువారు ఇంటింట గలరు. ఇందు తప్పు లేదు. కథ యే త్రోవను వచ్చినను ఇంటికి వచ్చినదే మేలు. కాని తెఱమీదికి ఎక్కునప్పుడు పురాణపాత్రల శరీరములు కొన్ని మాఱినవి. ఆ మార్పు ఏ దిక్కునకు పోయినదో మనము చూడవలెను.

శకునిని దీసికొందము. వ్యాసభారతములో శకుని కపటి, జూదరి. కుంటివాడని మాత్రము లేదు. 1988లో దూరదర్శనులో ఆరంభమైన హిందీ 'మహాభారత్' ధారావాహికలో గూఫీ పైంటల్ ధరించిన శకుని కుంటుచు నడచును. అది మొదలు దేశమంతటను పిల్లలకు శకుని యనగా కాలీడ్చుచు వచ్చువాడే. మనస్సులోని వంకర ప్రేక్షకునకు వెంటనే తెలియుటకై కాలికి వంకర తగిలించిరి. ఇది యొక నాటకపు సౌకర్యము. అంతకన్న మఱేమియు గాదు. కాని ఆ సౌకర్యమునకు వెల చెల్లించునది శకుని కాదు, బడికి కుంటుచు పోవు పసివాడు.

మంథర సంగతియు నిట్టిదే. ఆమె గూనిది. ఆమె చేసిన దుర్బోధకును ఆమె వీపునకును సంబంధమేమి? ఆ మాట చెవినిడి, వరము లడిగి, రాముని నడవికి పంపిన కైకేయి చక్కదనమునకు పేరు పొందినది. అయినను లోకమునకు గుర్తుండిపోయినది గూనియే. శత్రుఘ్నుడు ఆమెను నేలమీద నీడ్చును, భరతుడు వారించును. అంతటితో ఆమె కథ సరి. పిమ్మట ఆమె యే గదిలో బ్రదికెను, ఎవరితో మాటలాడెను అని అడిగినవారు లేరు.

వికలాంగుడు దుష్టుడు గానియెడల కథకుడు పట్టు రెండవ త్రోవ చికిత్స. ఉపమన్యుడు గురువుగారి కడ నాకలికి తాళలేక జిల్లేడాకులు తిని, చూపు పోగొట్టుకొని, నూతిలో బడును. అశ్వినీదేవతలను స్తుతించి మఱల చూపు పొందును. మథురలో చందనము తెచ్చు కుబ్జను శ్రీకృష్ణుడు చక్కని కాంతగా నిలబెట్టును. సావిత్రి యమునితో వాదించి మొట్టమొదట కోరిన వరము మామగారి చూపు. ఆ ద్యుమత్సేనుడు చూపుపోయిన కారణముననే శత్రువులకు రాజ్యము నొప్పగించి అడవి పాలైనవాడు. ఇక మన తెలుగు తెఱపై 1949లో వచ్చిన 'గుణసుందరి కథ'లో చిన్నకూతురునకు తండ్రి కోపముతో కట్టబెట్టిన వికలాంగుడు తుదకు శాపము తీఱిన రాజకుమారుడే.

రోగికి ఆరోగ్యము కోరని తల్లి యుండదు. కనుక ఇట్టి కథలను నిందింపము. కాని శుభమనగా బాగుపడుట యొకటే యని కథ నేర్పినచో, ఏ దేవతయు రాని యింటిలోని బిడ్డ ఏమనుకొనవలెను? నా కథ యింకను శుభము కాలేదనియా? నాయందేదో భక్తి కొఱత యనియా?

ఈ విషయములో ఆరణ్యపర్వములోని అష్టావక్రుని కథ మిక్కిలి విచారింపదగినది. తల్లి కడుపులో నుండగనే తండ్రి పాఠములోని తప్పు దిద్దినందుకు శాపము పొంది, ఎనిమిది వంకరలతో బుట్టినవాడు. తండ్రి కహోడుడు జనకుని కొలువులో వందితో వాదమున నోడి నీట ముంపబడెను. పండ్రెండేండ్ల యీడున అష్టావక్రుడు ఆ కొలువునకు బయలుదేఱెను. వాకిటికాపరి యడ్డగించినది వంకర శరీరమును జూచి కాదు, ఇంకను బాలుడవని. తరువాత నాతడు వాదమున వందిని గెలిచి తండ్రిని విడిపించుకొనెను. అటుపిమ్మట తండ్రి మాటపై సమంగానదిలో మునిగి లేవగా అంగములు చక్కబడెను. సోదరీమణులారా, ఈ క్రమమును గుర్తుంచుకొనుడు. స్నానము గెలుపునకు తరువాత. గెలిచినది ఆ వంకర శరీరముతోనే. పిల్లలకు చెప్పునప్పుడు నది కథను నాలుగు మాటలలో ముగించి, సభ కథను విస్తరించి చెప్పిన నెంత మేలు!

మూడవ త్రోవ మరణము. దశరథుని బాణమునకు కొడుకును గోలుపోయిన అంధదంపతులు చితి నెక్కుదురు. వారి దుఃఖము నిజమైనది, దానిని మేము తక్కువ చేయము. కాని కొడుకు పోయిన తల్లిదండ్రులందఱును కథలలో చితి నెక్కరు గదా! చూపులేనివారికి ఒక చేయూత పోయిన వెనుక బ్రదుకే లేదని అచ్చట మనము తలయూపి యొప్పుకొందుము.

సముద్రము దాటి చూచినను ఇదే తీరు. ఫ్రెంచి దేశమున విక్టర్ హ్యూగో 1831లో వ్రాసిన నవలలో గూనివాడును చెవిటివాడునైన గంటలకాపరి తాను ప్రేమించిన స్త్రీ శవమును గౌగిలించుకొని ప్రాణము విడుచును. అమెరికాలో జాన్ స్టైన్‌బెక్ 1937లో ప్రకటించిన 'ఆఫ్ మైస్ అండ్ మెన్'లో బుద్ధిమాంద్యము గల లెన్నీని ప్రాణస్నేహితుడే కాల్చి చంపును. మనము ఆ స్నేహితునికై కన్నీరు గార్తుము. 2004లో వచ్చిన 'మిలియన్ డాలర్ బేబీ' సినిమాలో దెబ్బతగిలి కదలలేని స్థితికి వచ్చిన యువతి తన్ను చంపుమని గురువును వేడుకొనును, అతడు చంపును. జోజో మోయెస్ అను రచయిత్రి 2012లో వ్రాసిన 'మీ బిఫోర్ యూ' నవలలో చక్రాలకుర్చీలోని ధనికయువకుడు ప్రేమ దొరికినను చావునే కోరుకొని, తన ప్రియురాలికి మాత్రము ధైర్యముగ బ్రదుకుమని ధనము విడిచిపోవును. 2016లో ఆ కథ సినిమాగ వచ్చినపుడు లండనులో చక్రాలకుర్చీలలోని స్త్రీపురుషులు ప్రదర్శనశాల యెదుట నిరసన తెలిపిరి. మా జీవితము చావుకన్న హీనమని మీకెవరు చెప్పిరని వారి ప్రశ్న.

రచయితలు ఇట్లేల చేయుదురు? వారు క్రూరులు గారు. పెక్కుసారులు జాలిగుండె గలవారే. కాని కథాశిల్పములో ఒక చిక్కు గలదు. ఇద్దఱు ప్రేయసులలో ఒకతె తప్పుకొనవలెను. ఎవతె తప్పుకొన్నను పాఠకురాలికి కోపము రాకూడదు. అప్పుడు కుంటిదానిని చంపుట సులభము. ఆమె పోయినందుకు ఏడ్తుము గాని, ఆమె పెండ్లి చెడినందుకు ఏడ్వము. అసలామెకు పెండ్లి యగునని మనమెన్నడును తలపలేదు గదా! రెండవది, ఆమె మఱునాడు రచయితకు తెలియదు. ఆమె బావికడ నీళ్లు ఎట్లు తోడుకొనును, బిడ్డ నెట్లు ఎత్తుకొనును, భర్తతో ఏమని పోట్లాడును అనునవి ఆయన యెన్నడును చూడలేదు. తెలియని దినమును వ్రాయుటకన్న తెలిసిన మరణమును వ్రాయుట తేలిక. మూడవది పాఠకుల మనస్సు. కష్టమును చూడలేక, అది కన్నులయెదుట నుండి తొలగిపోవలెనని కోరుకొనుటకు మనము 'జాలి' యని పేరు పెట్టుకొందుము.

మా వీథిలో సాయంకాలమున పిల్లలు చేరి పెద్దలచేత కథలు చెప్పించుకొను వాడుక గలదు. ఒకనాడు పొరుగింటి ముసలమ్మగారు ఏడుగురు అక్కచెల్లెండ్ర కథ చెప్పుచుండిరి. అందు కాలులేని కడపటి చెల్లెలు అక్కల మేలు కొఱకు నూతిలో దుమికినది. వినువారిలో కఱ్ఱసాయముతో నడచు పదేండ్ల పిల్ల యొకతె యుండెను. అందఱును నిట్టూర్చుచుండగా ఆ పిల్ల మావంక తిరిగి, "అత్తమ్మా, ఆ అక్క చచ్చిపోకపోతే కథ అయిపోదా?" అని యడిగినది. ఏడుపు లేదు, కోపము లేదు. లెక్క తెలిసికొను దాని వలె నడిగినది. దాని తల్లి తల వంచుకొని చాపయంచు పీకుచు కూర్చుండెను.

ఇట్టి పిల్ల యున్న యిండ్లలో ఏమి జరుగుచున్నదో మనకు తెలియని సంగతి కాదు. పెద్దదానికి పెండ్లిచూపులని తెలిసిన దినమున చిన్నదానిని పెరటిగదిలో కూర్చుండబెట్టి తలుపు వేయుదురు. మగపెండ్లివారు పోవువఱకు దగ్గరాదని చెప్పుదురు. బంధువుల శుభలేఖలలో దాని పేరుండదు. అది నిజముగ జబ్బుపడి కన్నుమూసినచో పరామర్శకు వచ్చినవారు, "పోనిండమ్మా, దానికి విముక్తి, మీకును విముక్తి" యందురు. కథకుడు కలముతో చేసినదానినే మనము తలుపుగడియతో చేయుచున్నాము. ఆయన కథ చదివి మన కీ యాలోచన వచ్చినదో, మన యిల్లు చూచి ఆయన కా కథ తోచినదో చెప్పజాలము. రెండును ఒండొంటిని పెంచుచున్నవి.

అయితే మన పురాణములలోనే నాలుగవ త్రోవ యొకటి గలదు. ఆదిపర్వములో వినత తొందరపడి గ్రుడ్డు పగులగొట్టగా, నడుము క్రింద దేహమేర్పడని కుమారుడు పుట్టెను. తొడలు లేనివాడు గనుక అనూరుడని పేరు. తన లోపమునకు కారకురాలైన తల్లిని సవతికి దాసివి కమ్మని శపించెను. అనగా నతడు జాలిబొమ్మ కాడు, కోపతాపములు గలవాడు. తరువాత నతనికి ఏ వరముచేతనైన తొడలు వచ్చెనా? రాలేదు. ఎవరి సుఖము కొఱకైన చచ్చెనా? చావలేదు. సూర్యరథమునకు సారథి యయ్యెను. రథము తోలుటకు కావలసినవి చేతులు, చూపు, గుఱ్ఱములను పట్టు నేర్పు. అవి యతనికి గలవు. అతనికి అరుణుడని రెండవ పేరు. తూర్పు తెల్లవాఱునప్పుడు మనమనునది అతని పేరే. మఱునాడు లేదని కథలు తీర్పు చెప్పిన జాతివాడే లోకమునకు ప్రతిదినము మఱునాటిని తెచ్చుచున్నాడు.

ఆధునికులలోను ఈ త్రోవ నెఱిగినవారు లేకపోలేదు. చార్లెస్ డికెన్స్ 1843లో వ్రాసిన క్రిస్మసు కథలో ఊతకఱ్ఱ పట్టిన టిమ్ అను బాలుడు చనిపోయినట్లు ఒక స్వప్నమున చూపి, తుదకు వాడు చావలేదని ప్రత్యేకముగ చెప్పినాడు. మన తెలుగున 1985లో వచ్చిన 'మయూరి' ఇంతకన్న గొప్పది. 1981లో జరిగిన ప్రమాదమున కాలు పోగొట్టుకొని, జైపూరు కృత్రిమపాదముతో మఱల నాట్యము నేర్చిన సుధాచంద్రన్‌గారి జీవితమే కథ. ఆమె పాత్రను ఆమెయే ధరించినది. సింగీతము శ్రీనివాసరావుగారు దర్శకులు. ఆమెకు జాతీయ ప్రత్యేక పురస్కారము లభించినది. 1986లో శ్రీ కె. విశ్వనాథ్‌గారి 'సిరివెన్నెల'లో చూపులేని వేణుగాయకుడును, మాటలేని చిత్రకారిణియు గలరు. ఆ యేడే వచ్చిన 'స్వాతిముత్యము'లో లోకము తెలియని శివయ్య సంసారము చేసి, మనుమల నెత్తి, వృద్ధుడగును. వార్ధక్యమువఱకు బ్రదికిన అట్టి నాయకుడు మన తెఱపై అరుదు. 2018 నాటి 'రంగస్థలము'లో చెవులు సరిగ వినబడని చిట్టిబాబు ప్రేమించును, పోట్లాడును, నవ్వించును, తుదివఱకు నిలుచును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. చంపుట మాని, వికలాంగులను ఆకాశమున కెత్తుట మఱియొక గుంట. మచిలీపట్టణము చెంతనున్న సీతారామపురమున జన్మించి, చూపు లేకయే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదివి, హైదరాబాదులో పరిశ్రమ స్థాపించిన బొల్లా శ్రీకాంత్‌గారి జీవితము 2024లో హిందీ సినిమాగ వచ్చినది. వరంగల్లు జిల్లా కల్లెడలో పుట్టి, చిన్ననాట నూరివారి యెత్తిపొడుపులు పడిన జీవాంజి దీప్తి 2024లో కోబెలో జరిగిన ప్రపంచపోటీలలో 400 మీటర్ల పరుగున స్వర్ణమును, అదే యేట ప్యారిస్ పారాలింపిక్సులో కాంస్యమును దెచ్చినది. వీరిని జూచి గర్వింపవలసినదే. కాని పతకము తెచ్చినవారికే బ్రదుకు హక్కా? పరీక్షలో నత్తెసరు మార్కులు తెచ్చుకొని, ఒక చిన్న యుద్యోగము చేసికొని, సాయంకాలము కూరలు బేరమాడు వికలాంగుడు కథకు పనికిరాడా? మన కుటుంబములలోని కన్నులు, కాళ్లు గలవారందఱును పతకములు తెచ్చుచున్నారా?

2024 జూలై 8వ తేదీన సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ రెండు గుంటలను చూపినది. 'ఆంఖ్ మిచోలీ' యను హిందీ సినిమాలో వికలాంగులను హేళన చేసిరని నిపుణ్ మల్హోత్రాగారు వేసిన వ్యాజ్యమది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారి ధర్మాసనము చిత్రనిర్మాతలకు కొన్ని మార్గదర్శకములు నిర్ణయించినది. అపోహలను బట్టి వికలాంగులను పరిహసింపరాదు. అట్లని మానవాతీతులుగను చూపరాదు. కష్టములతోపాటు వారి విజయములు, నేర్పులు, సంఘమునకు వారు చేయు సేవయు కనబడవలెను. వారిని గూర్చిన కథలలో వారికే పాలుండవలెను. 2011 జనాభాలెక్కలలో దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులుగా లెక్కకు వచ్చిరి. 1995 చట్టము 7 విధముల వైకల్యములను గుర్తింపగా 2016 చట్టము 21 విధములను గుర్తించినది. ఇంతమంది గల లోకమును వదలి కథకుడు ఇంకను నూతినే వెదకుట యేల?

మఱునాడు ఎట్లుండునో తెలియనివారు మా ఉప్పలు కూడలికి వచ్చి చూడవచ్చును. 2017లో మెట్రోరైలు వచ్చిన వెనుక ఆ స్టేషనులో లిఫ్టులును, కాలికిని చేతికఱ్ఱకును తగులునట్లు గీతలు గల నేలపలకలును ఏర్పడినవి. 2023లో కూడలిమీద ఆకాశమార్గపు వంతెన కట్టి, దానికిని లిఫ్టు లమర్చిరి. ఉదయమున తెల్లని కఱ్ఱతో ఆ పలకల వెంబడి నడచి, బండి యెక్కి, పనికి పోవువారు గలరు. వారు ఎవరికొఱకును ప్రాణత్యాగము చేయబోవుట లేదు. ఆలస్యమైనదని విసుగుకొనుచు పోవుచున్నారు. రచయితలు వెదకుచున్న మఱునాడు అదియే. అది లిఫ్టు చెడిపోయిన దినమున ఆగిపోవునది, బాగున్న దినమున సాగునది. అనగా వారి బ్రదుకునకు అడ్డము శరీరము కన్న మెట్లే యని తెలియుచున్నది. మెట్లను గూర్చి వ్రాసిన కథ లెన్ని?

కథలు వ్రాయువారు మన మాట విందురో లేదో. కాని కథలు చెప్పువారము మనము. పసివారి చెవిలో మొదటి కథ వేయునది తల్లియో, అవ్వయో. కనుక మా మనవి యింతే. పాతకథలను పాఱవేయవలదు. మంథర కథ చెప్పునప్పుడు తప్పు బుద్ధిదిగాని వీపుది కాదని యొక మాట కలుపుడు. అరుణుని కథ తప్పక చెప్పుడు. పుస్తకము కొనునప్పుడు, సినిమాకు పోవునప్పుడు, అందలి వికలాంగునకు తనదైన కోరిక యున్నదా, కోపమున్నదా, పని యున్నదా, లేక ఇతరులను మంచివారిగ చూపుటకే వచ్చి పోవుచున్నాడా యని పరీక్షింపుడు. ఇతరుల యింట చావు జరిగినప్పుడు 'విముక్తి' యను మాట నాలుకపైకి రానీయకుడు. ఇంట నట్టి బిడ్డ యున్నచో పెండ్లిచూపుల దినమున ముందుగదిలోనే కూర్చుండబెట్టుడు. పేరు చెప్పి, మా చిన్నమ్మాయి యని పరిచయము చేయుడు. ఆ పిల్లను జూచి లేచిపోవు సంబంధము పోవుటయే పెద్దదానికిని మేలు.

ఆ సాయంకాలము ముసలమ్మగారు కొంతసేపు ఆలోచించి, నూతిలో నీళ్లు మోకాలిలోతే గనుక పిల్ల తడిసి, తిట్టుకొనుచు పైకి వచ్చెనని కథను పొడిగించిరి. "తరువాత?" అని పిల్లలందఱును ఒక్కసారిగ ముందుకు జరిగిరి. కథ ఆగిపోలేదు, ఇంకను రెండు దినములు సాగినది.